విమ్‌లో ఫైలుకో ట్యాబా, అన్నీ బఫర్లలోనేనా?

కొత్తకీలు: టెక్స్ట్ ఎడిటర్ విమ్‌లో ఒకేసారి పన్నెండు ఫైళ్ల దాకా తెరవాల్సి వస్తోంది. ఫైలుకో ట్యాబ్ పెట్టుకుని 'జీటీ' నొక్కుతూ తిరగడం మేలా, బఫర్లకే అలవాటు పడాలా?

నల్లతెర: బఫర్లే. విమ్‌లో ట్యాబ్ అంటే ఫైలు కాదండీ, బ్రౌజర్లకు అలవాటు పడ్డ కళ్లకు అలా అనిపిస్తుందంతే. మెమరీలోకి ఎక్కిన ఫైలు బఫర్. దాన్ని చూపించే గడి విండో. ఆ గడుల అమరిక ట్యాబ్. 2006లో 7.0 వచ్చేదాకా విమ్‌లో ట్యాబ్‌లే లేవు. 80 అక్షరాల వెడల్పు టెర్మినల్‌లో పన్నెండు ట్యాబ్‌లు పెడితే ఒక్కోదానికి ఆరేడు అక్షరాలు మిగులుతాయి, పేర్లు తెగిపోయి ఏది ఏదో తెలిసి చావదు. అదే 'కోలన్ బీ' కొట్టి, ఖాళీ వదిలి, పేరులో ఏదో ఒక ముక్క రాసి ట్యాబ్ కీ నొక్కండి, ఆ ముక్క ఉన్న ఫైళ్లన్నీ వరుసగా వస్తాయి. రెండింటి మధ్య గెంతడానికి కంట్రోల్+6.

వరుసగడి: నిర్వచనం సరే నల్లతెర గారూ, కంటికి కనపడనిది గుర్తుండాలి కదా! సేవ్ చేయని ఫైలుంటే ఆ ట్యాబ్ మీద ప్లస్ గుర్తు కనిపిస్తూనే ఉంటుంది. బఫరైతే 'కోలన్ ఎల్ఎస్' కొట్టి బఫర్ల జాబితా చూస్తే తప్ప తెలియదు. పైగా జీటీకి ముందు అంకె వేస్తే చాలు, 7జీటీ నేరుగా ఏడో ట్యాబ్‌కి తీసుకెళ్తుంది. ఒక్కొక్కటీ తిప్పుకుంటూ పోయే పనే లేదు.

అన్‌డూ: ఇద్దరూ 'హిడెన్' అనే సెట్టింగ్ సంగతి వదిలేశారు. అసలు తంటా అక్కడే. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో అది ముందే ఆన్‌లో ఉంటుంది, విమ్‌లో ఆఫ్. ఆఫ్‌లో ఉండగా సేవ్ చేయకుండా వేరే బఫర్‌కి వెళ్లబోతే ఈ37 ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. అది కంటపడుతుంది కాబట్టి ఫర్వాలేదు. కంటపడనిది ఇంకోటుంది: సేవ్ చేసి వెళ్తే పాత బఫర్ మెమరీలోంచి దిగిపోతుంది, దాంతోపాటే దాని అన్‌డూ చరిత్ర కూడా. తిరిగొచ్చి 'యూ' నొక్కితే వెనక్కి తీయడానికి ఏమీ ఉండదు.

ఎల్ఎస్ జాబితాలోనే ఇది పట్టేయొచ్చు. శాతం గుర్తున్నది ఇప్పుడు చూస్తున్న ఫైలు, హాష్ ఉన్నది ఇందాకటిది (కంట్రోల్+6 వెళ్లేది దానికే). 'హెచ్' ఉంటే దాగి ఉంది, మెమరీలోనే ఉంది. 'ఏ' (గడిలో తెరిచి ఉందని గుర్తు), 'హెచ్' రెండూ లేకపోతే దిగిపోయినట్టే. విమ్ సెట్టింగుల ఫైలు విమ్‌ఆర్‌సీలో 'సెట్ హిడెన్' ఒక్క లైను చాలు. ఎడిటర్ మూసి తెరిచినా అన్‌డూ కావాలంటే 'సెట్ అన్‌డూఫైల్' కూడా.

వరుసగడి: అంటే ట్యాబ్ వాడేవాళ్లకు ఈ బెడద లేనట్టే కదా? ఫైలు ఏదో ఒక గడిలో తెరిచే ఉంటుంది, దిగిపోదు.

అన్‌డూ: నిజమే. కానీ అన్ని ఫైళ్లలో ఒకేసారి ఒక మాట తీసి ఇంకోటి పెట్టేటప్పుడు ట్యాబ్‌లే దెబ్బతీస్తాయి. 'ట్యాబ్‌డూ' ఒక్కో ట్యాబ్‌లో కర్సర్ ఉన్న గడిలో మాత్రమే పనిచేస్తుంది. స్ప్లిట్ చేసి పక్కన పెట్టిన ఫైలు మారదు, మారలేదని చెప్పదు కూడా. బఫర్లన్నిటిలో పనిచేసే 'బఫ్‌డూ' వాడి, చివర నిలువు గీత పెట్టి 'అప్‌డేట్' చేర్చండి, మారిన ఫైళ్లే సేవ్ అవుతాయి. వెతికే మాట లేని ఫైలు దగ్గర ఆగకుండా, మాట మార్చే సబ్‌స్టిట్యూట్ ఆదేశానికి 'ఈ' అక్షరం ఫ్లాగ్ మరచిపోవద్దు.

నల్లతెర: ట్యాబ్‌లు పూర్తిగా దండగని నేనూ అనను. పనికో ట్యాబ్ పెట్టి, అందులో రెండు మూడు గడులు తెరుచుకుని, 'టీసీడీ'తో ఆ ట్యాబ్‌కి విడి ఫోల్డర్ ఇస్తే బాగుంటుంది. ఫైలుకో ట్యాబ్ మాత్రం ఒప్పుకోను.

కొత్తకీలు: మరి రెండు ప్రాజెక్టులుంటే ఎల్ఎస్‌లో అన్నీ కలిసిపోవా?

నల్లతెర: కలిసిపోతాయి, బఫర్ల జాబితా ట్యాబ్‌లన్నిటికీ ఒక్కటే. అప్పుడు రెండు విమ్‌లు విడిగా తెరవడమే దారి. ఒకే ఫైలు రెండింట్లో తెరిస్తే మాత్రం ఈ325 స్వాప్ హెచ్చరిక వస్తుంది, చదవకుండా 'ఎడిట్ ఎనీవే' (అయినా సరే ఎడిట్ చేయి) నొక్కేయకండి. ఒకదాంట్లో యాంక్ (కాపీ) చేసింది రెండోదాంట్లోకి మామూలుగా రాదు, సిస్టమ్ క్లిప్‌బోర్డ్‌కి కలిసే ప్లస్ రిజిస్టర్ వాడాలి. అదీ మీ విమ్‌లో క్లిప్‌బోర్డ్ సపోర్ట్ ఉంటేనే. 'కోలన్ వెర్షన్' కొట్టి ఆ పేరు ముందు ప్లస్ ఉందో మైనస్ ఉందో చూసుకోండి.