వెళ్ళిపోతున్న వాలంటీరుకి శాలువా కప్పాలా, వద్దా?

చెరువుగట్టు:
సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తెచ్చే మన అనువాద జట్టులో పదకొండేళ్ళు పనిచేసిన అక్క ఈ నెలాఖరుతో మానేస్తున్నారు. ఇంట్లో పని పెరిగింది, ఇక కుదరదు అని రెండే లైన్ల మెయిల్ పెట్టారు. ఒక ఆదివారం అందరం ఆన్‌లైన్‌లో కలిసి తలా నాలుగు మాటలు చెప్పి, ఇంటికి శాలువా, జ్ఞాపిక పంపిద్దామని నా ఆలోచన. ఖర్చు నాది. ఏమంటారు?

పాతకాపు:
నేను వద్దంటాను, కోపం తెచ్చుకోకండి. మన దగ్గర సన్మానం అంటే రిటైర్‌మెంట్ ఫంక్షనే. మెడలో దండ పడ్డ మనిషి మళ్ళీ సోమవారం ఆఫీసుకి రాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సంగతి చూడండి. దాన్ని సృష్టించిన గిడో వాన్ రోసమ్ 2018 జులైలో, పెప్ 572 అనే మార్పు ప్రతిపాదన మీద నడిచిన గొడవతో విసిగిపోయి ఒక్క మెయిల్‌తో నాయకత్వం వదిలేశాడు. వారసుడెవరో కూడా చెప్పలేదు. 2019లో పైథాన్‌ని నడిపే మొదటి స్టీరింగ్ కౌన్సిల్‌కి ఆయనా ఎన్నికయ్యాడు. 2020లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, పైథాన్ వేగం పెంచే పనిలో పడ్డాడు. లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో కూడా తప్పుకున్నవాళ్ళని ‘ఎమెరిటస్’ అంటారు. తాళాలు, అంటే లోపల మార్పులు చేసే హక్కులు, తీసుకుంటారు గానీ, మనసు మారితే కొత్తవాళ్ళలా మొదటి మెట్టు నుంచి ఎక్కించరు. మనం వీడ్కోలు చెప్పేస్తే అక్క మొహమాటానికైనా తిరిగి రారు.

రాత్రిషిఫ్ట్:
గిడోకి సన్మానం ఎందుకండీ, లోకమంతా ఆయన్ని ఎరుగును. అక్క ఎవరికి తెలుసు?

నేను చేరిన కొత్తలో ఒక ఫైలు పంపాను. డిలీట్ నొక్కితే వచ్చే ప్రశ్నకి ‘మీరు ఖచ్చితంగా ఉన్నారా?’ అని రాశాను. అది చదివి నవ్వి ఊరుకోవచ్చు. అక్క ఊరుకోలేదు. “ఇలా మీ అమ్మ అడుగుతుందా? ‘నిజంగా తొలగించాలా?’ అని రాయి” అన్నారు. అలా ఆ ఫైలు మొత్తం, లైను లైనుకీ పక్కన కారణం రాసి తిరిగి పంపారు. టైం చూస్తే రాత్రి ఒకటిన్నర. మర్నాడు ఆవిడకి ఆఫీసు ఉంది. ‘దస్త్రం’ అనాలా ‘ఫైలు’ అనాలా అని మనం నెలల తరబడి కొట్టుకున్నప్పుడు కూడా ఇద్దరికీ సర్దిచెప్పింది ఆవిడే (నేను ఫైలు పార్టీ, ఇప్పటికీ).

లైనక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో అనువాదకుల పేర్లు రాయడానికే ఒక స్ట్రింగ్ (అనువదించాల్సిన వాక్యం) ఉంటుంది. ప్రోగ్రాం ‘గురించి’ పెట్టె తెరిస్తే ఆ పేర్లు కనిపిస్తాయి. ఎప్పుడైనా తెరిచారా మీరు? డెబియన్ 9ని దాన్ని మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్‌కి అంకితమిచ్చారు, ఆయన 2015లో పోయాక. మనిషి వినగలిగినప్పుడు చెప్తే తప్పేంటి?

కామా:
చెప్పండి, కానీ శాలువా బీరువాలోకి పోతుంది. మా ఇంట్లో నాన్నగారివి పద్నాలుగు ఉన్నాయి, ఒక్కటీ కప్పుకోరు. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ‘క్రెడిట్స్’ అని ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ‘ఎన్’ పక్కన పేరు, ‘డి’ పక్కన చేసిన పని. బాధ్యతల నుంచి తప్పుకున్నవాళ్ళ పేర్లు చాలావరకు అక్కడికి చేరతాయి. కెర్నెల్ సోర్సు దించుకున్న ప్రతివాళ్ళ డిస్కులోనూ అది ఉంటుంది. మనకి అలాంటిది లేదు. పెడదాం.

తాళంచెవి:
ముందు తాళాలు అడగండి. మన పదకోశం షీటు ఎవరి ఖాతాలో ఉంది? అక్క సొంత ఖాతాలో. కొత్తవాళ్ళ ఫైళ్ళు ఎవరు చూస్తారు? ఎవరూ చేయెత్తలేదు, శాలువా రంగు గురించి మాత్రం ఇప్పటికే నాకు మూడు మెసేజిలు వచ్చాయి.

ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళని కుదించే సాఫ్ట్‌వేర్ సంగతి మర్చిపోయారా? దాన్ని చూసుకునేది అలసిపోయిన ఒకే ఒక్క మెయింటెయినర్. తన మానసిక ఆరోగ్యం బాలేదని 2022లోనే చెప్పుకున్నాడు. అయినా ‘ఎందుకింత ఆలస్యం, వేరేవాళ్ళకి ఇచ్చెయ్’ అని మెయిళ్ళు మీద పడ్డాయి. సాయం చేస్తానని వచ్చిన ఒక అపరిచితుడు మెల్లగా హక్కులు సంపాదించి అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలో ఉన్న కంప్యూటర్లోకి వెళ్ళే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వబట్టి బయటపడింది. మనది అంత ప్రమాదం కాదు, ఒప్పుకుంటాను. కానీ వెళ్ళేవాళ్ళని పొగిడి, పని గాలికొదిలేసే అలవాటు మనకీ ఉంది.

పాతకాపు:
కామాగారి ఫైలుకి నేను సరే. మీటింగుకి మాత్రం కాదు. వెళ్ళేవాళ్ళు కెమెరా ముందు కూర్చుని తమ గురించి గంటసేపు వినడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. నాకోసారి చేశారు.

చెరువుగట్టు:
ఇలా తేలదని అక్కకే ఫోన్ చేశాను. మీటింగూ వద్దు, శాలువా కూడా వద్దన్నారు. ఒకటే అడిగారు: ఫైళ్ళ పైన పేరు పక్కనున్న తన మెయిల్ ఐడీ తీసేయమని. ఏదో మెనూలో తప్పుందని, ఫలానా మాట నచ్చలేదని ఇంకా ఎవరెవరో రాస్తున్నారట. జవాబివ్వకపోతే నిద్ర పట్టదట. పదకోశం మాత్రం శనివారం కూర్చుని అప్పగిస్తానన్నారు.

తాళంచెవి:
తీసేద్దాం, స్క్రిప్టు నేను రాస్తాను. పాత మార్పులన్నీ దాచే గిట్ చరిత్రలో ఉన్నవి మాత్రం పోవని ఆవిడకి ముందే చెప్పండి. ఫైళ్ళలో ఆ చోట జట్టు మెయిల్ పెడదాం. వచ్చినవాటికి వంతులవారీగా జవాబివ్వాలి. మొదటి నెల నాది.

రాత్రిషిఫ్ట్:
రెండో నెల నాది. పేరు మాత్రం ఎక్కడా చెరపకండి. మీటింగు లేకపోతే పోనీ, ఆ ఒకటిన్నర రాత్రి గురించి నేను ఒక ఉత్తరం రాస్తున్నాను. పోస్టులో పంపుతాను. ఎవరైనా కలుస్తారా?

కామా:
నాకూ ఒక పేజీ ఉంచండి.