అప్‌డేట్: ఎలుగుబంటిని మచ్చిక చేసుకోవడం గురించి అడిగాను కదా

మేం పర్లాకిమిడిలో ఆడే, పాచికలు వేస్తూ అందరం కలిసి కథ నడిపించే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నా రేంజర్ (అడవుల్లో తిరిగే వేటగాడి పాత్ర) ఒక అడవి ఎలుగుబంటిని మచ్చిక చేసుకోవాలనుకుంటే, ఒక్కసారి పాచిక వేసి తేల్చేయడం సరైనదేనా అని పోయిన నెల అడిగాను. ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

మీరన్నట్టే 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్ మళ్లీ చదివాం. యానిమల్ హ్యాండ్లింగ్ అనేది పాత్రకుండే విజ్డమ్ (వివేకం) స్కోరు మీద నడిచే స్కిల్. పెంపుడు జంతువును శాంతపరచడానికి, జంతువు ఉద్దేశం పసిగట్టడానికి పనికొస్తుంది. అడవి జంతువును శాశ్వతంగా తోడు చేసుకునే మాటే అందులో లేదు. యానిమల్ ఫ్రెండ్‌షిప్ మంత్రం కూడా 24 గంటలే. బీస్ట్ మాస్టర్ (జంతువును తోడుగా ఉంచుకునే రేంజర్ రకం) తోడుకి ఛాలెంజ్ రేటింగ్ (జంతువు ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె) 1/4 దాటకూడదు, నల్ల ఎలుగుబంటిది 1/2.

అందుకే ఆట నడిపే అన్నయ్య దాన్ని మూడు వారాలు సాగదీశాడు. కథ మహేంద్రగిరి అడవిలోది కాబట్టి, మొదటి వారం ఇప్పపూలు కుప్పపోసి గాలివాటం చూసుకుని దూరంగా కూర్చున్నాను. రెండో వారం ఇరవై ముఖాల పాచిక స్టీలు పళ్లెంలో గిర్రున తిరిగి 3 దగ్గర ఆగింది, అంటే బాగా తక్కువ. ఎలుగు రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. నేను కదలనని చెప్పాను, నిజంగానే అరచేతులకు చెమట పట్టింది. మూడో వారం 17 పడింది. అది నా ఎదురుగానే కూర్చుని పూలు తిని, అడవిలోకి వెళ్లిపోయింది. వెంట రమ్మని అడగాలనిపించలేదు.

ఇప్పుడు మేం ఆ దారిన వెళ్తే అది మా మీదకు రాదు. తోడుగా మాత్రం తోడేలును తీసుకున్నాను, దాని రేటింగ్ 1/4.