అప్‌డేట్: విజయనగరం మూడు లాంతర్ల వెనుక మా సందులో కుళాయి నీటికి మురుగు వాసన, కారణం దొరికింది

మూడు లాంతర్ల కూడలి వెనుక మా సందులో ఏడిళ్లకు ఉదయం కుళాయి విప్పగానే పది నిమిషాలపాటు మురుగు వాసనతో నీరు వస్తోందని గత నెల ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

వాసన ఏ ఇంటి దగ్గర మొదలై ఏ ఇంటి దగ్గర ఆగుతోందో ముందు చూడమన్న సలహాయే దారి చూపింది. ఇంటింటికీ తిరిగి రాసుకున్న ఆ వివరాన్ని జతచేసి వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చాక ఫిట్టరు వచ్చి తవ్వించగా, మురుగుకాలువ అడుగున పోతున్న పాత ఇనుప గొట్టం తుప్పుపట్టి, బొటనవేలు దూరేంత రంధ్రంతో, లోపల నల్లటి బురదతో బయటపడింది. సరఫరా ఉన్నంతసేపు నీటి ఒత్తిడి మురుగును లోపలికి రానివ్వదనీ, సరఫరా ఆగి గొట్టం ఖాళీ కాగానే అది కాలువ నీటిని పీల్చుకుంటుందనీ, మర్నాడు మొదట వచ్చేది ఆ నీరేననీ ఆయన వివరించారు.

ఇప్పుడు కాలువకు పైగా కొత్త ప్లాస్టిక్ గొట్టం వేశారు. పరీక్ష చుక్కలు వేస్తే చివరి ఇంటి నీరు కూడా లేత పసుపు రంగుకు తిరిగింది, అంటే క్లోరిన్ మిగులుతోంది; కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. అంతకుముందు అసలు రంగే రాలేదు.

ట్యాంకులు కడిగించడం, ఫిల్టరు మార్చడం మాకు ఉపయోగపడలేదు, ఎందుకంటే వాసన వీధి కుళాయిలోనే ఉంది. పిల్లలకు నీళ్లు మరిగించి ఇవ్వమన్న మాట మాత్రం ఎంతో మేలు చేసింది. తవ్విన చోట సిమెంటు వేయడం మిగిలింది, దానికి వేరే అర్జీ ఇచ్చాం.