ఎంజీ టీడీ డ్యాష్‌బోర్డు గడియారం: తడితే తిరుగుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది

ప్రశ్న, విజయవాడ మొగల్రాజపురం నుంచి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1952 ఎంజీ టీడీ కారు మా షెడ్డులోనే ఉంది. ఇంజిన్‌కి ఏ లోటూ లేదు, పేచీ అంతా గడియారంతోనే. ఈ బండికి అది విడిగా ఉండదు, ఆర్‌పీఎం మీటర్ డయల్‌లోనే చిన్నగా ఇమిడి ఉంటుంది. అద్దం మీద వేలితో తడితే పది నిమిషాలు టిక్ టిక్‌మని ఆగిపోతుంది. పోయిన నెల ఒకాయనకి ఇస్తే కుట్టుమిషన్ నూనె వేసి ఇచ్చాడు. రెండు రోజులు ఆడింది. ఇప్పుడేమో కాయిల్ కాలిపోయిందంటున్నాడు. నిజమేనా?

జవాబు:
అన్నా, గోడ గడియారం క్వార్ట్జ్ మిషన్ వందా నూట యాభైకి దొరుకుతుంది. లోపల పెట్టేయ్, పీడా పోతుంది.

జవాబు, గుంటూరు నుంచి, వాచీల పని చేసినవాణ్ణి:
ఆ మిషన్ డబ్బా ఈ గడియారంలో పట్టదు బాబూ. అయినా చావని దానికి దినం ఎందుకు?

ప్రశ్న అడిగినవారికి: తడితే పది నిమిషాలు ఆడుతోందంటే కాయిల్ బాగానే ఉంది. ఇందులో మోటారు ఉండదండీ. బ్యాలెన్స్ వీల్ ఊగుతూ వచ్చి రెండు చిన్న పాయింట్లను కలుపుతుంది. ఆ క్షణం కాయిల్‌లోకి కరెంటు వెళ్లి, అయస్కాంతం వీల్‌ని ఒక్క తోపు తోస్తుంది. పాయింట్లకి మసి పట్టినా, ఇరుసుల్లో నూనె జిగురైనా తోపు చాలదు. మీ వేలు చేస్తున్నది ఆ తోపే.

ముందు బ్యాటరీ వైరు తీసి, మీటర్‌ని బయటికి తీయండి. ముళ్ల మీద రాత్రి మెరిసే పాత రంగు ఉంటే గోకొద్దు, ఊదొద్దు. ఆ రోజుల్లో అందులో రేడియం కలిపేవారు. మల్టీమీటర్‌ని ఓమ్స్ మీద పెట్టి, ఒక కొనని కరెంటు వైరు వచ్చే చోట, ఇంకోటి బాడీకి పెట్టి, బ్యాలెన్స్ వీల్‌ని పంటిపుల్లతో మెల్లగా తిప్పండి. పాయింట్లు కలిసినప్పుడు రీడింగ్ పడిపోవాలి. పడితే కాయిల్ బతికే ఉంది. పాయింట్లకి గరుకు కాగితం, ఆకురాయి రెండూ వద్దు. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో వాడే ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) సన్నటి కాగితం ముక్క ముంచి, మధ్యలో పెట్టి లాగండి. మసి రావడం ఆగేదాకా లాగాలి. అది కాయిల్ మీద మాత్రం పడనివ్వకండి. పాత చుట్టలకి లక్క పూత ఉంటే కరిగిపోతుంది. ఇరుసులు శుభ్రం చేశాక గడియారాల నూనె సూదిమొనతో, చుక్కలో పదోవంతు. పాయింట్ల మీద నూనె అసలు పడకూడదు.

జవాబు, ఆటోనగర్ నుంచి, ఆటో ఎలక్ట్రీషియన్‌ని:
మాస్టారు చెప్పింది కరెక్ట్. నాదొక మాట. ఈ బండి కంపెనీ నుంచి ప్లస్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి పోతుంది. మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు, బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి పోయిందో చూసుకోండి. పాయింట్లు విడిపోయేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, మసికి కారణం అదే. కాయిల్ రెండు కొనల మధ్య ఒక డయోడ్ వేయండి, అది కరెంటుని ఒక్క దిక్కుకే పోనిస్తుంది. ప్లస్ ఎర్త్ అయితే గీత ఉన్న వైపు బాడీకి. తిరగేస్తే షార్టే. వైరులో చిన్న ఫ్యూజు కూడా పెట్టండి. గడియారం పాయింట్లు కలిసిన చోట ఆగిపోతే, కాయిల్ కాలడం నిజంగా అప్పుడు మొదలవుతుంది.

గుంటూరు:
ఫ్యూజుకి నా ఓటు, డయోడ్‌కి కాదు. డయోడ్ ఉంటే అయస్కాంతం వెంటనే వదలదు, వీల్‌ని వెనక్కి పట్టుకుంటుంది. కాయిల్ ఓమ్స్‌కి పదింతలు ఉన్న రెసిస్టర్ ఆ రెండు కొనల మధ్యే వేస్తే చాలు, ప్లస్ మైనస్ గొడవే ఉండదు.

ఆటోనగర్:
సరే మాస్టారూ, హారన్ రిలేలకి వేసే అలవాటు నాది. ఇది మీ సామ్రాజ్యం.

ప్రశ్న అడిగినవారు, నాలుగు రోజుల తర్వాత:
కాయిల్ బాగుంది! పాయింట్ల మీద నూనె, మసి కలిసి కాటుకలా ఉంది. తుడిచాక మూడు రోజులుగా ఆగలేదు. రెసిస్టర్, ఫ్యూజు కూడా వేశాను. కానీ రోజుకి ఇరవై నిమిషాలు ముందుకి పోతోంది. వెనకాల సర్దుబాటు మీట చివరిదాకా జరిపినా అంతే.

గుంటూరు:
ఆ మీట జోలికి పోవద్దు, మధ్యలోకి తెచ్చేయండి. కుట్టుమిషన్ నూనె హెయిర్ స్ప్రింగ్‌కి, అంటే బ్యాలెన్స్ వీల్‌ని ఊపే సన్నటి చుట్టల స్ప్రింగుకి కూడా అంటి ఉంటుంది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, అందుకే ఆ పరుగు. దాన్ని మీరు కడగొద్దు, ఒక్కసారి వంకర పోతే మళ్లీ రాదు. పాత కీ వాచీలు చేసే మనిషి గవర్నర్‌పేటలో దొరక్కపోతే ఆదివారం గుంటూరు పట్టుకురండి. ఐ గ్లాస్ ఇంకా నా దగ్గరే ఉంది. మీటరంతా మోయక్కర్లేదు, గడియారం ఒక్కటే ఊడదీసి, దుమ్ము పడకుండా టిఫిన్ డబ్బాలో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
పదింటికల్లా వస్తాను మాస్టారూ. నా చేతి గడియారం చూసుకునే లెండి.