మల్లన చంపకమాలలో ‘రంధ్ర’ ఎంత?

పద్యప్రియ: ప్రాచీనకవి పావులూరి మల్లన గణితంలోని చదరంగం పద్యం, అదే, మొదటి గడిలో ఒకటి, ఆపై గడిగడికీ రెట్టింపు వేస్తూ పోతే వచ్చే సంఖ్యని అంకెకో మాట పెట్టి (శర అంటే ఐదు, శశి అంటే ఒకటి, ఇలా) చెప్పేది, ఇక్కడిదాకా నోటికొస్తోంది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

నాలుగో పాదం ఎవరికైనా వచ్చా? పనిలో పనిగా, రంధ్రాన్ని ఎంతగా కడతారు?

నవద్వారం: తొమ్మిదే. కుడినుంచి ఎడమకి పేర్చండి, 18446744073709551615.

రాశిచక్రం: జాతకంలో రంధ్రస్థానం ఎనిమిదో ఇల్లు. మల్లనకి ఆ మాట తెలియదంటారా?

గణకుడు: ఎనిమిదైతే అంకెల మొత్తం 86, మూడుతో భాగం పోదు. ఇది 64 గళ్ల మొత్తం, అంటే 2ని 64 సార్లు హెచ్చవేసి ఒకటి తీసేసినది. కారణాంకాలు 3×5×17×257×641×65537×6700417. ఏదీ రెండోసారి రాదు కనుక భాజకాలు 128. చివరి గడి ఒక్కదాని లెక్కయితే ఐదుతో ముగియనే ముగియదు.

శూన్యవాది: సున్న పెడితే మొత్తం 78, మూడుతో హాయిగా పోతుంది. రంధ్రమంటే బెజ్జం, బెజ్జంలో ఏముంటుంది?

గణకుడు: 17తో భాగించండి, 4 మిగులుతుంది. పైగా 641, 6700417 జంటని చూడండి. ఫెర్మా అనే గణితజ్ఞుడు ప్రధానసంఖ్య అనుకున్నదాన్ని (2ని 32 సార్లు హెచ్చవేసి ఒకటి కలిపినది) 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ విడగొట్టింది ఆ రెండుగానే. అదీ ఈ పద్యంలో ఇమిడి ఉంది!

యతిమైత్రి: ఆయిలర్‌ని అలా ఉంచండి, పద్యం చూడండి. ‘వియన్నగ’లో నగమా (కొండ, ఏడు), నాగమా (ఎనిమిది) అని కూడా అడిగేవాళ్లున్నారు. న దీర్ఘమైతే జగణం పోయి యగణం వస్తుంది, చంపకమాల అక్కడే కుంటుతుంది. కనుక నగమే, ఏడే. ఏడు మూడుసార్లు వస్తే నగ, భూధర, గిరి అని మూడు మాటలు వేశాడు. ఇక ‘తర్క’ సంగతి. ఆరుకి రస, ఋతు అని ఎన్ని లేవు? రెండో పాదం ‘ధ’తో మొదలైంది, పదకొండో అక్షరంలో యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదిరే అక్షరం) పడాలి, సరిగ్గా అక్కడే ఆరు రావాలి. అంకెల్ని జరపడానికి వీల్లేదు. అందుకే ధకి కుదిరే త ఉన్న తర్క. మొదటి పాదంలో శ–సా కూడా అంతే, బాణమంటే యతి చెడేది. ఇది కవి చెయ్యి, ఉత్త లెక్కలవాడిది కాదు.

రాశిచక్రం: రంధ్రం యతిస్థానంలో లేదుగా, ఛందస్సు దాని విలువ తేల్చదు.

నవద్వారం: ఎనిమిదికి కుంజరం వేసినవాడు మళ్లీ రంధ్రం ఎందుకు వేస్తాడు?

రాశిచక్రం: ఏడుకి మూడు మాటలు వేసినవాడు ఎనిమిదికి రెండు వెయ్యడా?

యతిమైత్రి: మల్లనని నన్నయ పక్కన కూర్చోబెట్టాలంటాను.

నవద్వారం: ఏ మల్లనని? రాజరాజనరేంద్రుడి చేత నవఖండవాడ అగ్రహారం పుచ్చుకున్నది ఈ కవి కాదు, తాత మల్లన అనేవాళ్లతో నేను ఏకీభవిస్తాను.

యతిమైత్రి: నేను ఏకీభవించను. రెండో మల్లనని ఒప్పుకుంటే కాలం రెండు తరాలు కిందికి దిగుతుంది. అవతారిక పద్యాలు (పుస్తకం మొదట్లో కవి తన వంశం గురించి చెప్పుకునేవి) ముందు పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.