అనుదినాహారమా, నానాటికి కావలసిన అన్నమా?

మా ఇంట్లో ప్రభువు ప్రార్థనలో "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అంటాం. కతోలిక కుటుంబం నుంచి వచ్చిన మా వదిన "నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి" అంటారు. మూలం ఒకటే కదా, ఏది దానికి దగ్గర? రెండింటిలోనూ రొట్టె ఎందుకు లేదు?

*

మీ వదినగారు పలికే "కావలసిన"ను గట్టిగా పట్టుకోండి. మూలమైన గ్రీకులో రొట్టెకు 'ఎపియూసియోస్' అనే విశేషణం ఉంది. కొత్త నిబంధన అంతటిలో అది ఈ ప్రార్థనలోనే వస్తుంది: మత్తయి 6:11లో, లూకా 11:3లో. 3వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ పండితుడు ఓరిజెన్, ఈ మాట పండితుల రాతల్లోనూ లేదు, జనం వాడుకలోనూ లేదు, సువార్తికులే కల్పించినట్టుంది అన్నాడు. 'ఈ రోజుకు' అని కొందరు, 'రాబోయే రోజుకు' అని కొందరు, 'బతకడానికి చాలినంత' అని కొందరు అర్థం చెప్పారు. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోము మత్తయికి ఒక మాట, లూకాకు మరో మాట పెట్టాడు.

"అనుదిన"లో రోజు ఉంది, కొలత లేదు. "నానాటికి కావలసిన"లో రెండూ ఉన్నాయి. నిర్గమకాండం 16వ అధ్యాయంలోని మన్నా చూడండి, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం. తలకు ఒక ఓమెరు, అది అప్పటి కొలత. మర్నాటికి దాచుకున్నది పురుగు పట్టింది. ఈ ప్రార్థన వెనుక నాకు ఆ అరణ్యమే కనిపిస్తుంది.

ఇక రొట్టె. యేసును సాతాను శోధించిన ఘట్టంలో "రొట్టెవలన మాత్రము కాదు" అని ఉంచక తప్పదు, అక్కడ రాళ్లను రొట్టెలు చేయమనే మాట ఉంది కాబట్టి. ప్రార్థనలో రొట్టె అంటే తిండి. "అన్నం తిన్నారా" అని మనం అడిగేదీ అలాగే కదా! ఆకలితో ఉన్నవాడి నోట ఆహారము కంటే అన్నమే ముందు వస్తుందని నా నమ్మకం.

ఒక్క మాట మాత్రం రెండు పాఠాల్లోనూ మారలేదు: "మా". "నా అన్నము" అని ఎవరూ అడగలేదు.

*

ధన్యవాదాలండీ. "కొలత" అన్నారు కాబట్టి చెబుతున్నాను. అమ్మ పొయ్యి వెలిగించే ముందు బియ్యం కొలుస్తూ ఈ వాక్యం పైకే చెప్పుకుంటుంది. కొలిచిన వాటిలోంచే ఒక గుప్పెడు తీసి, లేనివాళ్ల కోసం గుడికి ఇచ్చే డబ్బాలో వేస్తుంది. ఆ గుప్పెడు "మా"లోదని ఇన్నేళ్లూ నాకు తట్టలేదు.