పాలిపోయిన వేప మొక్కకే వేళ్లెక్కువ ఎందుకున్నాయి?

యలహంక మిద్దెతోట:
నమస్కారం. మాది మదనపల్లె వైపు. పదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. ఊళ్లో పొలం గట్ల మీద నాటేందుకు ఇక్కడ మిద్దె మీద సంచుల్లో వేప, సిల్వర్ ఓక్ నారు పెంచుతున్నాను. కొన్ని సంచుల్లో ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపాను. ఎరువు చాలక కొన్నింటిలో ఒట్టి మట్టి, ఇసుకే పోశాను. మిగిలినవాటిలో కొబ్బరి పొట్టు వేశాను. నాలుగు నెలల తరువాత మొన్న ఒక్కోదాంట్లోంచి ఒక వేప మొక్కను తీసి, బకెట్ నీళ్లలో ముంచి, మట్టి వదిలించి చూశాను. ఎరువు పడినది మోకాలెత్తు ఉంది గాని, ఆ ఎత్తుకు తగిన వేళ్లు లేవు. ఒట్టి మట్టిలోనిది జానెడే ఉండి, ఆకులు పాలిపోయినా, వేళ్లు సంచి అడుగున చుట్టలు చుట్టుకున్నాయి. కొబ్బరి పొట్టులోని దానికి వేళ్లు పొట్టిగా, కొనలు గోధుమరంగుకు తిరిగి మొద్దుబారి ఉన్నాయి. పోషకాలు తగ్గితే వేరు పెరుగుతుందా, తరుగుతుందా? వేళ్ల కోసం నారు కడుపు మాడ్చడం మంచిదేనా?

ఎర్రమట్టి:
ఎరువు పడిన మొక్కను, ఒట్టి మట్టిలోని మొక్కను ఎండబెట్టి, వేళ్లను, పైభాగాన్ని విడివిడిగా తూచి చూడండి. చాలాసార్లు పెరిగేది వేరు కాదు, మొక్క మొత్తంలో వేరు వాటా. నత్రజని చాలకపోతే ముందు ఆగేది కొత్త ఆకుల పెరుగుదల. ఆకు తయారుచేసిన చక్కెరకు పైన ఖర్చు తగ్గడంతో అందులో ఎక్కువ భాగం కిందికి దిగి వేళ్లకు చేరుతుంది. భాస్వరం సంగతి ఇంకా ఆసక్తికరమైనది. మన ఎర్రమట్టిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని పట్టి ఉంచుతాయి. అది నీటితో పాటు పెద్దగా కదలదు కనుక వేరు తానే దాని దగ్గరకు వెళ్లాలి, అందుకే చాలా మొక్కల్లో పక్కవేళ్లు ఎక్కువవుతాయి, మూలకేశాలు, అంటే వేళ్ల మీది సన్నని నూగు, పొడవవుతాయి. మీ సిల్వర్ ఓక్ సంచి ఒకటి విప్పి చూడండి: సీసాలు కడిగే బ్రష్షులాగా పొట్టి వేళ్ల గుత్తులు కనిపించవచ్చు. తెగులనుకుని వాటిని కత్తిరించకండి. భాస్వరం కరువైన చోట ఆ చెట్టు వేసే ప్రత్యేకమైన వేళ్లవి, వాటి నుంచి ఊరే ఆమ్లాలు మట్టి పట్టి ఉంచిన భాస్వరాన్ని విడిపిస్తాయి. భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు ధారాళంగా వేస్తే ఆ గుత్తులు తగ్గిపోతాయి.

పొటాష్ పక్షం:
పై సమాధానం సరైనదే గాని, అన్ని పోషకాలకూ వర్తించదు. స్వీడన్‌లో బర్చ్ అనే చెట్టు మొలకలతో చేసిన పరిశోధనల గురించి టామ్ ఎరిక్సన్ 1995లో రాసిన వ్యాసం ప్రకారం నత్రజని, భాస్వరం, గంధకం తగ్గితే వేరు వాటా పెరుగుతుంది. పొటాష్, మెగ్నీషియం, మాంగనీస్ తగ్గితే తరుగుతుంది. చక్కెరను ఆకు నుంచి వేరుకు పంపడానికి పొటాష్, మెగ్నీషియం కావాలి; అవి లేకపోతే ఆకులో సరుకు పేరుకుపోయినా వేరు పస్తుంటుంది. కాబట్టి ఆ లోపాలకు గుర్తుగా ముదురాకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కినా, అంచులు మాడినా, వేళ్లు బాగుంటాయని ఆశ పెట్టుకోకండి.

కొబ్బరి పొట్టు బాధితుడు:
మొద్దుబారిన కొనలు నాకూ అనుభవమే. కాల్షియం ఆకుల నుంచి తిరిగి కిందికి దాదాపు రాదు. పెరిగే వేరుకొనకు అది చుట్టూ ఉన్న తడిలోనే దొరకాలి. కొబ్బరి పొట్టులో పొటాష్, సోడియం ఎక్కువ, కాల్షియం తక్కువ. పైగా మనం వేసిన కాల్షియాన్ని కూడా అదే పట్టేసుకుంటుంది. అందుకే పొట్టును ముందు కడిగి, కాల్షియం నైట్రేట్ నీటిలో నానబెట్టి, మళ్లీ కడిగి వాడతారు. బోరాన్ లోపంలోనూ కొనలు ఇలాగే ఆగిపోతాయి, కాకపోతే దాని మోతాదు కాస్త మించినా విషమే కనుక అంచనా మీద బోరాక్స్ చల్లవద్దు. అన్నిటికన్నా ముందు పొట్టును పిడికిట్లో పిండి వాసన చూడండి. కుళ్లు వాసన వస్తే అది గాలి అందక వచ్చిన జబ్బే. మీరు పోసేది ఏ నీళ్లు?

యలహంక మిద్దెతోట:
పిండి చూశాను, కుళ్లు వాసన లేదు. పోసేది డ్రమ్ముల్లో పట్టిన వాన నీళ్లు. పొట్టును కడగనే లేదు.

కొబ్బరి పొట్టు బాధితుడు:
అయితే అనుమానం కాల్షియం మీదే. వాన నీటిలో అది దాదాపు ఉండదు. మా బోరు నీళ్లయితే పాత్రలకు తెల్లగా పేరుకునేంత కఠినం, వాటికి మారాక నా నారులో కొత్త కొనలు తెల్లగా వచ్చాయి.

ఎర్రమట్టి:
కడుపు మాడ్చే ప్రశ్న మిగిలిపోయింది. నాటిన తొలి వారాల్లో కొత్త వేళ్లకు కావలసిన నత్రజనిలో చాలా భాగం మొక్క తన నిల్వలోంచే తీసుకుంటుంది కాబట్టి, పస్తులున్న నారు పొలంలో వెనకబడుతుంది. నాటడానికి కొన్ని వారాల ముందు నత్రజని తగ్గించి ఎండకు అలవాటు చేస్తే చాలు. జానెడు మొక్కలకు ఇప్పుడే పలచగా ఎరువు నీళ్లు పోయండి. నాటేరోజు సంచి అడుగున చుట్టుకున్న వేళ్లను పదునైన కత్తితో కోసెయ్యండి, లేకపోతే చెట్టయ్యాక కూడా ఆ చుట్ట అలాగే ఉండిపోతుంది.